రాజుగారి బోండాలకు దిష్టి తగిలిన వైనం

ఇది కట్టుకథ అనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి ఇంటికి పోవచ్చు. మధ్యలో ఒక్కరు పెదవి విరిచినా చెప్పడం ఆగిపోతుంది. కదలలేదు కదా, అయితే వినండి.

పైడికొండ అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలిన ఉద్దండ భూపతి మీసం ఒక కొస కొలువుకూటంలో ఉంటే రెండో కొస గుర్రపుశాలలో ఉండేది. తనకు రాని విద్య లేదని ఆయనే చెప్పుకునేవాడు. కాదనడానికి ఎవరికీ గుండె చాలేది కాదు. ఆ కొలువులో కొమ్మన అని ఒక మాటకారి. అతని భార్య లచ్చాంబ బంగాళాదుంప బోండాలు వేసిందంటే, కొండల అవతల ముట్టడికి వచ్చిన శత్రుసైన్యం ఆ వాసనకు కత్తులు కింద పడేసి విస్తళ్ళు కుట్టుకుంటూ కూర్చునేదట. అట ఏమిటి, కూర్చుంది.

ఒక ముసురు రోజున ఆ వాసన రాజుగారి ముక్కుకు తగిలింది. మంత్రినీ దళవాయినీ వెంటబెట్టుకుని తిన్నగా కొమ్మన ఇంటికి వచ్చాడు. పెట్టినవన్నీ తిని మూతి తుడుచుకుని, "బాగానే ఉన్నాయి. నేను వేస్తే ఇంతకు పదింతలు ఉంటాయి" అన్నాడు. అంటూనే ఉత్తరీయం నడుముకు బిగించి వంటింట్లోకి దూరాడు.

కొమ్మన వెనకే పరుగెత్తాడు.

రాజు ఉడికిన దుంపల్ని నీళ్ళు వార్చకుండానే చిదిమాడు. ఉప్పు వేసిన సంగతి మరిచి మళ్ళీ వేశాడు. శనగపిండిలో చెంబెడు నీళ్ళు గుమ్మరించాడు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న లచ్చాంబ ఇక ఆగలేకపోయింది.

"దేవరా, పిండి జారయింది. నూనెలో వేస్తే విచ్చిపోతాయి."

"మదపుటేనుగులే నా కనుసన్నల్లో నడుస్తాయి. ఈ దుంప నడవదా?"

"ఏనుగుల్ని మూకుట్లో వెయ్యరు కదండీ" అని ఆమె గొణిగింది. ఆ మాట వినపడకుండా కొమ్మన గట్టిగా దగ్గాడు.

నూనె కాగిందో లేదో చూడకుండా రాజు ఉండలన్నీ ఒక్కసారే వదిలాడు. సగం విచ్చిపోయి మూకుడంతా పిడకలు కలిపిన బురదగుంటలా అయింది. మిగిలినవి నూనె తాగీ తాగీ ఉబ్బాయి.

రాజు మొహం కందగడ్డలా మారింది. "నా చేతి బోండా విచ్చిపోవడమా? దిష్టి తగిలింది" అని చుట్టూ చూశాడు. చూపు లచ్చాంబ మీద ఆగింది. "రెప్ప వెయ్యకుండా చూసింది నువ్వే. పొద్దు గుంకేలోగా నా రాజ్యం దాటిపో."

లచ్చాంబ భర్త వైపు తిరిగింది. "ఏమండీ, కొలువులో అందరినీ నవ్విస్తారుగా. ఇప్పుడు నోరు పడిపోయిందా?"

కొమ్మన బుర్ర చకచకా పనిచేసింది. బోండాలు బాగాలేవంటే ఆమె వెనకాలే తనూ మూట కట్టుకోవాలి. రాజు బాగానే వేశాడంటే, చెడగొట్టింది ఆమె దిష్టేనని ఒప్పుకున్నట్టే. అతను చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"దిష్టి తగిలిన మాట నిజమే ప్రభూ. కానీ ఆశ లేని చూపుకు దిష్టి ఉండదు కదా?"

"ఉండదు."

"అయితే ఆ కన్ను ఎవరిదో తేల్చడం తేలిక. అందరికీ తలా ఒకటి పెడదాం. ఆశపడ్డవాళ్ళు ఒకదానితో ఊరుకోరు, రెండోదానికి చెయ్యి చాపుతారు. చాపినవాళ్ళే దోషులు."

రాజుకు ఇది నచ్చింది. తన బోండా తిన్నవాళ్ళు రెండోది అడక్కుండా ఉండగలరా అని లోలోపల మురిసిపోయాడు. స్వయంగా వడ్డించాడు.

మంత్రి కొరికి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. "ఇంకోటి?" అని రాజు అడిగితే, "ఈ రోజు ఉపవాసమని ఇప్పుడే గుర్తొచ్చింది" అన్నాడు. దళవాయి, యుద్ధంలో బాణం దిగినా కిక్కురుమననివాడు, చెంబెడు నీళ్ళు గటగటా తాగి తల అడ్డంగా ఊపాడు. కొమ్మన ఎలాగో మింగి, "ప్రాప్తం ఇంతే ప్రభూ" అన్నాడు.

లచ్చాంబ ఒక ముక్క నోట్లో వేసుకుంది. "రెండోది వద్దు దేవరా. రాజ్యం దాటిపోవడమే నయం."

"చూశారా ప్రభూ, మాలో ఎవరికీ ఆశ లేదని తేలింది" అన్నాడు కొమ్మన మెల్లగా. "ఇందాకటి నుంచీ మూకుడి మీద నుంచి చూపు తిప్పకుండా మురిసిపోయిన కళ్ళు ఇంకో జత మిగిలాయి."

రాజు ఒక బోండా తీసి కొరికాడు. నమిలాడు. నమలడం ఆపాడు.

"రెండోది పెట్టమంటారా ప్రభూ?"

తీసుకుంటే తనే దోషి. వద్దంటే బోండా గతి అందరికీ తెలిసిపోతుంది. రాజు పళ్ళెం వంకా కొమ్మన వంకా చూశాడు. పొట్ట కదిలింది, మీసం కదిలింది, ఆపైన ఇంటి పెంకులు లేచి పక్కవీధిలో పడేలా నవ్వాడు.

"కొమ్మనా, నా కంటికి నేనే దొరికిపోయానురా. లచ్చాంబా, శిక్ష రద్దు. నువ్వు వేసిపెట్టు, నేను బుద్ధిగా కూర్చుంటాను."

చేతి కంకణం తీసి ఆమెకిచ్చాడు, మెడలో హారం కొమ్మన మెడలో వేశాడు. ఆమె వేసిన బోండాలకు తన చెయ్యే కాదు, కొలువులో ఉన్న చేతులన్నీ చాపించాడు. పైడికొండలో ఆ నెల శనగపిండి దొరకలేదు.

నమ్మకం చాలకపోతే, కొమ్మన ఇంట ఆ మూకుడు తోమిన పనివాడు ఇంకా బతికే ఉన్నాడు. వెళ్ళి అడగండి. పేరు చింతగుంట ఓబులేసు.