అంబ్రోస్ గడ్డివామి

శంభుమూర్తి గారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదడిగినా మన చుట్టుపక్కల కథ చెప్పరు. చెబితే మీరంతా అర్థం వదిలేసి, వాడిది ఏ ఊరు, ఎవరి మేనమామ అని ఆరా తీస్తూ కూర్చుంటారని ఆయన ఫిర్యాదు. అందుకని సముద్రాల అవతలి మనుషుల్ని పట్టుకొస్తారు.

ఆ ఉదయం ప్రశ్న భైరవయ్యది. ఆశ్రమం గడప దాటకుండా నలభై రోజులు జపం చేస్తానని దీక్ష పట్టాడు. ముప్పై అయిదో రోజున ఇంటి నుంచి కబురొచ్చింది, భార్యకు జ్వరం తగ్గడం లేదని, మనుషుల్ని గుర్తుపట్టడం లేదని. పాపం, అటు లేవలేడు, ఇటు కూర్చోలేడు.

"దీక్ష మంచిదే కదండీ. మంచిదాన్ని మధ్యలో ఎలా వదిలేది?" అన్నాడు. గురువుగారు అంబ్రోస్ సంగతి ఎత్తుకున్నారు.

అంబ్రోస్ ఇంగ్లండులో ముప్పై ఏళ్లొచ్చేదాకా పరాయివాళ్ల పొలాల్లో కూలికి గడ్డి కోసినవాడు. కెనడాలో దున్నుకునేవాళ్లకు ఊరికే భూమి ఇస్తున్నారని విని, భార్య మార్తాను వెంటబెట్టుకుని ఓడెక్కాడు. నూట అరవై ఎకరాల పచ్చిక మైదానం వాడి పేర రాశారు. చెట్టు లేదు, రాయి లేదు. మట్టిపెళ్లలు కోసి పేర్చి ఇల్లు కట్టుకున్నాడు. జోడెడ్లు, ఒక ఆవు, నెలల పసిబిడ్డ.

ఆ దేశంలో ఎండిన గడ్డికి నిప్పంటుకుంటే గుర్రం కన్నా వేగంగా వస్తుంది. అందుకే ఇంటి చుట్టూ రెండు వలయాలు దున్ని, నడిమి గడ్డిని గాలి లేని రోజు చూసి తామే తగలబెట్టుకుంటారు. కాలిన నేల మళ్లీ కాలదు కదా. పొరుగు ముసలి రైతు ఈ పద్ధతి విడమరిచి చెప్పాడు. అంబ్రోస్ దున్నడం దున్నాడు. తగలబెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. వాళ్ల తాత ఒకప్పుడు దొరగారి గడ్డివామికి నిప్పు పెట్టాడని సంకెళ్లు వేసి ఓడలో ఎక్కడికో పంపేశారు. ఆయన తిరిగి రాలేదు. ఆ ఇంట్లో పుట్టినవాడు గడ్డి దగ్గర అగ్గిపుల్ల గీస్తాడా? పైగా ఇది సొంత గడ్డి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనదనుకున్న గడ్డి. శ్రద్ధగా కోసి, ఆరబెట్టి, ఆ రెండు చాళ్ల మధ్యే వామి వేశాడు. ఆరు నెలల మంచుకాలం పశువులు బతకాల్సింది దాని మీదే. రోజూ పొద్దున్నే దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం పడమట పొగ లేచింది. గాలి ఇటే. కుందేళ్లూ జింకలూ మనుషుల్ని లెక్కచేయకుండా వాకిట్లోంచే పరుగెత్తిపోతున్నాయి. అంబ్రోస్ పంగలకర్ర అందుకుని వామిలోని గడ్డిని ఇంటి పక్కకు మోయడం మొదలుపెట్టాడు. అంటే రాబోయే మంటను ఇంటికి తానే దారి పెట్టి పిలుస్తున్నాడన్నమాట. ఆ కంగారులో అది తోచలేదు. పది మోపులు వేశాడు. మంట చప్పుడు వినిపించింది. పదకొండో మోపు ఎత్తాడు.

మార్తా పిల్లను బొంతలో చుట్టి తలుపు లోపల పడుకోబెట్టి, గోనెసంచులు నీళ్లలో ముంచి బయటికొచ్చింది. వాడి చేతిలో పంగలకర్ర లాక్కుని అగ్గిపెట్టె పెట్టింది.

"బంగారం లాంటి గడ్డి, మార్తా," అన్నాడు వాడు.

"మంచి గడ్డే. అంటించు, అంబ్రోస్." అక్కడ భార్యలు పేరు పెట్టే పిలుస్తారు.

మొదటి పుల్ల విరిగింది. రెండోది గాలికి ఆరింది. మూడోది కోటు చాటున గీసి, తన వామికి తనే పెట్టాడు. వామి భగ్గుమంది. నిప్పురవ్వలు ఇంటి మీదికి లేచాయి. ఆమె కప్పెక్కి తడి గోనెతో రవ్వలు కొడుతోంది. వాడు ఇంటి పక్కకు తెచ్చిన గడ్డినంతా మళ్లీ ఎత్తి ఆ మంటలోకే విసురుతున్నాడు, ఏడుస్తూనే. వామి కూలి, చాళ్ల నడిమి గడ్డి కూడా చుట్టూ కాలి నేల నల్లబడేసరికి పెద్ద మంట రానే వచ్చింది. దున్నిన చాలు దాకా వచ్చి, తినడానికేమీ దొరక్క రెండుగా చీలి, ఇంటికి అటూ ఇటూ పోయింది.

గురువుగారు అంతటితో ఆపి మంచినీళ్లు తాగారు. భైరవయ్య చేతిలో జపమాల ఎప్పుడో ఆగిపోయింది.

"మరి ఆ చలికాలం పశువులకు ఏం పెట్టాడండీ?" అని అడిగాడు.

"చలికాలం వచ్చాక చూసుకుని ఉంటాడు. మీ ఊరికి బస్సు ఎన్నింటికి?" అన్నారు శంభుమూర్తి గారు.