సముద్రుడికీ ఓ గట్టు

ఒకప్పుడు సముద్రానికి హద్దంటూ ఉండేది కాదర్రా పిల్లలూ. ఇవాళ ఇక్కడుంటే, రేపు కొండ కింద ఉండేవాడు సముద్రుడు. నీళ్లన్నిటికీ రాజు మరి!

ఆ రాజు ఒకనాడు చట్టం చేశాడు. "పొడినేల చెట్లది, జీవాలది. నీళ్లేవీ దాని మీదికి ఎక్కకూడదు. ఎక్కితే శిక్ష తప్పదు."

మంచి చట్టమే. చెరువులూ బావులూ సరేనన్నాయి. ఒక వానరోజున పాపం ఏరు కాలుజారి గుమ్మడిపాదులోకి వెళ్లింది. "వేసవంతా ఎండిపో!" అన్నాడు రాజు. ఎండిపోయింది. తప్పు తప్పే కదా, ఎవరూ మారుమాట్లాడలేదు.

మరి రాజుగారో? బుద్ధి పుట్టినప్పుడల్లా నేలెక్కి తిరిగేవాడు.

ఒకరోజు తాబేలు ఏడుస్తూ ఇసుక దగ్గరికి వచ్చింది. ఇసుక ఎవరనుకున్నారు? సముద్రుడి చెల్లెలే.

"ఇసుకమ్మా, పోయినేడు నా గుడ్లన్నీ మీ అన్న ఊడ్చుకుపోయాడు. ఈ ఏడు నీ ఒళ్లో దాచుకున్నాను. అదిగో, మళ్లీ వస్తున్నాడు!"

"వద్దని చెప్పలేకపోయారా ఎవరూ?"

"పీతను పంపాను తల్లీ. 'నాకు అటు పనిలేదు' అంటూ పక్కకి నడిచిపోయాడు!"

ఇసుక లేచి ఎదురెళ్లింది.

"ఆగన్నయ్యా! నీళ్లు నేలెక్కకూడదన్నది ఎవరి చట్టం?"

"నాదే."

"మరి నువ్వెక్కుతున్నావేం?"

"పిచ్చిదానా, చేసినవాణ్ణి నేను! అది నాకెందుకు?"

"నీళ్లేవీ ఎక్కకూడదన్నావు. నువ్వు నీళ్లు కాక మజ్జిగవా?"

చేపలు కిసుక్కున నవ్వాయి. సముద్రుడికి ఒళ్లు మండింది.

"అడ్డు లే!"

"లేవను."

గుడ్లకు ముందు, ఆ కొస నుంచి ఈ కొస దాకా ఇసుక బారుగా పడుకుంది. సముద్రుడు కొట్టాడు. చెదిరింది, మళ్లీ చేరింది. ఇంకా గట్టిగా కొట్టాడు. మళ్లీ చేరింది.

"నన్ను తొక్కుకుని వెళ్లగలవు అన్నయ్యా. కానీ రేపు చెరువు నేల మీదికొస్తే ఏ మొహం పెట్టుకుని ఆపుతావు? ఏటిని ఎండబెట్టిన చట్టం నీ దగ్గరికొచ్చేసరికి చచ్చిపోయిందా?"

సముద్రుడు నురగలు కక్కుతూ ఒకడుగు వెనక్కి వేశాడు.

"సరే, పోతున్నాను," అన్నాడు చివరికి.

"పోతే సరా? ఏటికి శిక్ష వేశావు. మరి నీకో?"

"నువ్వు వదిలేలా లేవు కదే!" సముద్రుడు ఏటి వైపు ఒకసారి చూశాడు. "నేను ఎన్నిసార్లు ముందుకొస్తే అన్నిసార్లూ, అందరూ చూస్తుండగా వెనక్కి తిరుగుతాను. ఇదే నా శిక్ష."

"అదీ రాజు మాట!" అంది ఇసుక. ఆ ఏడు తాబేలు పిల్లలన్నీ గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చాయి.

అప్పటినుంచే ప్రతి కెరటమూ ఉరుముతూ వచ్చి, ఒడ్డు తాకి, తల వంచుకుని వెనక్కి పోతుంది. చెలియలంటే చెల్లెలు. అందుకే ఆ హద్దును చెలియలికట్ట అంటాం. ఎప్పుడైనా ఉప్పెన వేళ సముద్రుడు మాట తప్పి దాన్ని దాటినా, ఇసుక మాత్రం ఊరుకోదు. మళ్లీ వచ్చి, అడ్డంగా పడుకుంటుంది.