కౌజుపిట్ట మార్కు సుగంధి

ఓబులేసు తాతను ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు మెడ మీది తువ్వాలు తీసి, ఒకసారి దులిపి, మళ్ళీ వేసుకుంటాడు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. మైదుకూరులో ఆయన ఇంటి వసారాలో ప్రతి ఆదివారం పొద్దున పదిమందిమి చేరుతాం. తత్వం చెబుతాడని మేము వెళ్తాం. ఆయనేమో తత్వం తప్ప అన్నీ చెబుతాడు. ఎవరైనా వాదానికి దిగితే, "నీ స్టేజీ వచ్చింది, దిగు నాయనా" అంటాడు. అక్కడికి ఆ వాదం సరి.

ఒక ఆదివారం గిరిధర్ అడిగాడు. ఇతను మా ఊరి కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. బుద్ధిమంతుడే గాని ఒక జబ్బుంది. ఏ స్వామి వచ్చినా పరుగెత్తుతాడు, ఏ ప్రవచనమైనా ఫోనులో వింటాడు, విన్నదంతా నోటుపుస్తకంలో ఎక్కిస్తాడు. ఆ ఏడాదికి అది మూడో పుస్తకం. ఆ రోజు మాత్రం పుస్తకం తెరవలేదు.

"తాతా, అందరి మాటలూ తియ్యగానే ఉన్నాయి. వింటున్నంతసేపూ ఇదే నిజం అనిపిస్తుంది. ఇంకొకాయన్ను వింటే అదీ నిజమే అనిపిస్తుంది. పెండ్లాం బిడ్డల్ని ఇంట్లో వదిలి నాలుగేళ్ళ ఆదివారాలు వీళ్ళ వెంట పోగొట్టుకున్నాను. అసలేదో నకలేదో తెలుసుకునేది ఎట్లా?" అన్నాడు. మాకు నవ్వు రాలేదు.

తాత తువ్వాలు దులిపాడు. "కౌజుపిట్ట మార్కు సుగంధి ఎప్పుడన్నా తాగినావా నువ్వు?" అన్నాడు.

అప్పుడు వచ్చింది నవ్వు.

మా వైపు ఎండ సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. మార్చి దాటితే కడప జిల్లాలో మనిషి బతికేది నీడ వల్లా, సుగంధి షర్బత్తు వల్లా. అడవిలో దొరికే సుగంధి వేళ్ళను ఉడికించి, పాకం పట్టి, సీసాల్లో పోస్తారు. నన్నారి అన్నా అదే. ఇంటికి చుట్టం వస్తే రెండు చెంచాల సిరప్పు, నిమ్మకాయ, చల్లని నీళ్ళు. పిల్లకు సంబంధం కుదిరినా అదే, కోర్టులో రాజీ కుదిరినా అదే. సుగంధిలో కౌజుపిట్ట మార్కుకు మించింది లేదని మా పెద్దలు ఒట్టేసి చెప్పేవాళ్ళు. నేనూ చెబుతాను.

తాత ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆయన బస్సు తిరిగే దారిలోని ఒక పల్లెలో దస్తగిరమ్మ అని దూదేకులామె ఉండేది. ఎవరింట పెండ్లయినా షర్బత్తు కలపడానికి ఆమెనే పిలిచేవాళ్ళు. రెడ్లు పిలిచేవాళ్ళు, బలిజలు పిలిచేవాళ్ళు, సాయిబులు పిలిచేవాళ్ళు. గంగాళం ముందు కూర్చుని, సీసాలు ఒంపి, నిమ్మకాయలు పిండి, మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపేది. ఎవరైనా ఆ చెయ్యి చూసి ముఖం చిట్లిస్తే, "గరిటెకు రుచి తెలుసా నాయనా?" అనేది. తాను మాత్రం గుక్కెడు కూడా తాగేది కాదు. పోసేదానికి తాగే తీరికెక్కడిది అనేది.

ఏటా ఊరి దర్గా ఉరుసులో షర్బత్తు పోసే హక్కు కూడా ఆమెదే. పెనిమిటి టైఫాయిడ్ నుంచి బతికి బయటపడినప్పుడు మొక్కుకుంది, ఉరుసుకు వచ్చిన ప్రతి మనిషికీ నా చేత్తో గ్లాసు ఇస్తానని. ఇరవై ఆరేళ్ళు ఇచ్చింది. పెనిమిటి పోయినా మొక్కు మానలేదు.

ఇరవై ఏడో ఏట ఎండాకాలంలో ఏమైందో గాని ఊళ్ళో షర్బత్తు చెడింది. చెడడమంటే విరగలేదు, పులవలేదు. తియ్యగానే ఉంది. తాగినట్టే లేదు. ఇంటింటా పోట్లాటలు మొదలైనాయి. కోడలు నిమ్మకాయ దగ్గర పీనాసితనం చేస్తోందని అత్త అంటుంది. ఫ్రిజ్జు కంపు కొడుతోందని మగడంటాడు. కుళాయి నీళ్ళే మంచివి కావని ఒకాయన పంచాయతీ ఆఫీసు మీదికి పోయినాడు. సీసాను మాత్రం ఎవ్వరూ అనుమానించలేదు. దాని మీద కౌజుపిట్ట ఎప్పటిలాగే తోక ఎత్తుకొని నిలబడి ఉంది గదా! రిటైర్డు హెడ్మాస్టరు యతిరాజులు ఒక్కడు మాత్రం కంపెనీకి ఉత్తరం రాశాడు. మా నాణ్యతలో ఏ మార్పూ లేదని అచ్చు కార్డు ఒకటి, దాంతోపాటు కౌజుపిట్ట క్యాలెండరు ఒకటి వచ్చాయి. ఆయన క్యాలెండరు గోడకు తగిలించుకొని రోజూ దాన్ని తిట్టుకునేవాడు.

ఇంతవరకు వేడుకే. తర్వాత ఒక పెండ్లిలో పెండ్లికొడుకు మేనమామ గ్లాసు నోట్లో పెట్టుకొని తుపుక్కున ఉమ్మి, "సీసాలు ఇంటికి మోసి, మనకు చక్కెర నీళ్ళు పోస్తాంది ముసల్ది" అన్నాడు. పందిట్లో అందరూ విన్నారు. అన్నవాడు అన్నాడు సరే, కాదన్నవాడు ఒక్కడు లేడు! ఇరవై ఆరేళ్ళు ఆమె చేతి నీళ్ళు తాగిన నోళ్ళు అవి. నాకు ఈ కథలో ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇక్కడే. ఉరుసు ఇంకా పన్నెండు రోజులుంది. దర్గా చూసుకునే ముజావరు ఆమె ఇంటికి వచ్చి, తల వంచుకొని, "ఈసారికి వేరేవాళ్ళు పోస్తారులే దస్తగిరమ్మా, నలుగురూ నాలుగు రకాలుగా అంటాండారు" అని చెప్పి పోయినాడు.

ఆమె ఏడవలేదు. ఇంట్లో ఉన్న సీసా మూత తీసి, అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకొని, రుద్దుకొని, కడుక్కొని, చేయి ముక్కు దగ్గర పెట్టుకొని కాసేపు కూర్చుంది. లేచి ఊరంతటికీ చెప్పింది, "మారింది నా చెయ్యి కాదు. సీసాలో సరుకు మారింది. రేప్పొద్దున బస్సుకు ఫ్యాక్టరీకి పోతాండా. మీ నాలుకలు అబద్ధం చెప్పడం లేదనుకుంటే మీరూ రాండి."

మర్నాడు తాత బస్సులో ఇరవై ముగ్గురు ఎక్కారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కౌజుపిట్ట సీసా. "పిట్టలకు కూడా టికెట్టు కొట్టాల్నా ఏమప్పా?" అన్నాడట తాత. హెడ్మాస్టరు నవ్వలేదు. ఆయన దారి పొడుగునా ఇంగ్లీషులో ఏమేం అనాలో గొణుక్కుంటూనే ఉన్నాడు. ఆ బస్సుకు ఆఖరి స్టాపు ఫ్యాక్టరీ గేటే. అక్కడ గంట ఆగి తిరుగు ప్రయాణం.

ఫ్యాక్టరీలో వ్యవహారమంతా చూసేది మురళీకృష్ణ అనే మేనేజరు. యజమాని నరసింహులుకు మేనల్లుడు. యజమాని పెద్దవాడు, మంచివాడు, పక్కన పడక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. షుగరు జబ్బు వచ్చి ఎనిమిదేళ్ళయింది. తండ్రి పెట్టిన కంపెనీ సిరప్పును ఎనిమిదేళ్ళుగా చుక్క నోట పెట్టలేదు. పాపం, ఎవరు ఏమన్నా మేనల్లుడి ముఖం వైపు చూస్తాడు.

మేనల్లుడు గట్టివాడు. ఇద్దరు పనివాళ్ళతో రెండు జగ్గులు తెప్పించాడు. "ఒక దాంట్లో రెండేండ్ల నాటి సరుకు, ఇంకో దాంట్లో నిన్నటి సరుకు. చీటీలు అడుగున అంటించినాను. పాతదేదో చెప్పండి. చెప్పగలిగితే మీ కాళ్ళకు దండం పెడతా" అన్నాడు.

తాగారు. ఎండన పడి వచ్చిన గొంతులు, పైగా ఐసు వేసిన షర్బత్తు! హెడ్మాస్టరు కళ్ళు మూసుకొని, చప్పరించి, ఎడమ జగ్గు వైపు వేలు చూపించి, "దిసీజ్ ఇట్! మా చిన్ననాటి రుచి!" అన్నాడు. ఆయన వెనకాల వరసగా అందరూ ఎడమ జగ్గే అన్నారు. బస్సుకు టైమైందని పిలవడానికి లోపలికి వచ్చిన తాత చేతికి కూడా ఎవరో గ్లాసు ఇచ్చారు. "నేనూ ఎడమదే అంటిని నాయనా. తీపి దండిగా ఉండె" అని మాతో చెప్పి తాత పడీపడీ నవ్వాడు.

మురళీకృష్ణ ఎడమ జగ్గు ఎత్తి చీటీ చూపించాడు. నిన్నటి సరుకు. "కొత్తదే బాగుందని మీ నోటితో మీరే చెప్పినారు. ఇంక పోయి రాండి" అన్నాడు. పాతదీ కొత్తదీ వేరని తన నోటితోనే ఒప్పుకున్నట్టయిందని అతనికి తోచలేదు. వీళ్ళకూ తోచలేదు, సిగ్గుతో తల వంచుకొని ఉన్నారు. అంతా అయిపోయిందనే అనుకున్నారు.

"నన్నడగలేదే?" అంది దస్తగిరమ్మ.

గ్లాసు ఇవ్వబోతే వద్దంది. కొంగు బిగించి, ఎడమ చెయ్యి ఎడమ జగ్గులో, కుడి చెయ్యి కుడి జగ్గులో ముంచింది. ఎడమ చేతి ఘుమఘుమ గేటుదాకా కొట్టింది. కుడి చేతిది దగ్గరికి పోతే తప్ప తెలియలేదు. కుళాయి దగ్గర రెండు చేతులూ సబ్బు పెట్టి రుద్ది రుద్ది కడిగింది. కడిగి, నేల మీద కూర్చుని, "అరగంట ఆగండి" అంది.

బయట డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. ఉద్యోగ జీవితంలో ఒక్కసారీ బస్సును ఆలస్యం చేయని ఓబులేసు తాత ఆ రోజు ఆపాడు. డ్రైవరు అరుస్తూ లోపలికి వచ్చి, సంగతి విని, తానూ కూర్చున్నాడు.

అరగంటకు ఆమె లేచి తిన్నగా పెద్దాయన దగ్గరికి పోయింది. "అన్నా, దీంట్లో చక్కెర లేదు. నీ జబ్బుకేం కాదు. వాసన చూడు" అని ముందు ఎడమ చెయ్యి చాపింది.

"సబ్బు" అన్నాడాయన.

కుడి చెయ్యి చాపింది. ఆయన ఊపిరి తీసుకున్నాడు. ఆ చేతిని వదలకుండా పట్టుకున్నాడు. మళ్ళీ తీసుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. "మా నాయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, స్నానం చేసి, నా తలకాయ నిమిరేవాడు. ఇదే వాసన, తల్లీ, ఇదే" అన్నాడు. తర్వాత మేనల్లుడి వైపు తిరిగి, "వేరు యాడబోయింది రా?" అని అడిగాడు.

మురళీకృష్ణ అప్పుడు నిజం చెప్పాడు. అడవిలోకి పోయి వేళ్ళు తవ్వేవాళ్ళు తగ్గిపోయారట. మొదట సగం వేసి సగం ఎసెన్సు కలిపారట. ఎవరూ ఏమీ అనకపోయేసరికి మిగతా సగమూ మానేశారట. జనాన్ని ముంచినవాడే గాని, పాపం, ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు. అందరి ఎదుటా వంగి దస్తగిరమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. "లెయ్యి నాయనా, ముందు పొయ్యి అంటించు" అందామె. ఆ మాటకు పెద్దాయనతో సహా అందరూ భళ్ళున నవ్వారు. బస్సులో తిరుగు దారంతా పాటలేనట. హెడ్మాస్టరు కూడా పాడాడట, తాళం తప్పుతూ.

ఉరుసు రోజున నరసింహులు వేరు ఉడికించిన సిరప్పు వ్యానులో వేసుకొని తానే వచ్చాడు. ముజావరు చేతిలోంచి మైకు తీసుకొని, "తప్పు నా సీసాది. ఈ తల్లి చేతిది కాదు" అన్నాడు. ఎక్కువ మాట్లాడడం చేతకాని మనిషి, అంతే అని మైకు ఇచ్చేశాడు. దస్తగిరమ్మ గంగాళం ముందు కూర్చుంది. వరసలో అందరికంటే ముందు పెండ్లికొడుకు మేనమామ నిలబడ్డాడు. ఆమె అతనికి గ్లాసు నిండుగా పోసి, "ఈసారి ఉమ్మితే తల మీద పోస్తా" అంది. అతను గటగటా తాగేసి మళ్ళీ వరస చివర పోయి నిలబడ్డాడు. ఆ రోజు ఉరుసులో మూడు మార్లు తాగని మనిషి లేడంటాడు తాత.

చెప్పడం అయిపోయి తాత తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. వసారాలో అందరం నవ్వు ముఖాలతో ఉన్నాం. గిరిధర్ ముఖమైతే వెలిగిపోతోంది. చాలా రోజుల తర్వాత అట్లా చూశాను అతన్ని. వెంటనే నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, "తాతా, బ్రహ్మాండంగా చెప్పినారు! ఉండండి, ఒక్క అక్షరం పోకుండా రాసుకుంటా" అన్నాడు.

తాత చెయ్యి చాపి ఆ పుస్తకం మూసేశాడు.

"నాదీ తియ్యగానే ఉంది గదా నాయనా. ఇంటికి పో. పిల్లలతో ఆడుకో, తిను, పండుకో. వచ్చే ఆదివారానికి ఏమన్నా మిగిలుంటేనే రా."