కొంగ కడుపులో కాపురం

దుప్పటి కాళ్ళతో తన్నకే బుజ్జీ, కుదురుగా పడుకో. పడుకుంటేనే కథ. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, ఆ తర్వాత బతిమాలినా చెప్పను.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ పక్క వీధిలో, నరసాయమ్మ అని ఒక కుమ్మరావిడ ఉండేది. ఒంటి మనిషి. నోరు కాస్త పెద్దది గానీ మనసు వెన్న. సారె తిప్పి కుండలు, మూకుళ్ళు, ప్రమిదలు చేసి సంతలో అమ్ముకునేది. ఆ సారె తిరిగితేనే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆవిడ పెరట్లో ఒక గుంట ఉంది. కుండల కోసం ఏళ్ళ తరబడి మట్టి తవ్వగా తవ్వగా పడిన గుంట. అంత మంచి జిగురు మట్టి ఆ ఊళ్ళో ఇంకెక్కడా లేదు. వానలకి నిండేది, ఎండలకి అంచులు ఆరేవి. ఆరిన చోట మట్టి తీసుకునేది. నీళ్ళున్న చోట పరిగె చేపల్ని పెంచేది. వేలెడంత చేపలు, కాలవలోంచి కుండతో ముంచి తెచ్చుకుంది. అవి దోమ పిల్లల్ని గుటుక్కున మింగేసేవి. రోజూ పొద్దున్నే ఆవిడ గుప్పెడు తవుడు చల్లి, "తినండమ్మా తినండి. తిన్నాక నాలుగు మాటలు మాట్లాడండి" అనేది.

చేపలు మాట్లాడతాయా అంటావేం? నీ ముందు లడ్డూ పెడితే నువ్వు మాట్లాడతావా ఏంటి?

ఇలా ఉండగా ఒకరోజు ఒక తెల్లకొంగ వచ్చి గుంటలో వాలింది. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు సగం మూసి, అబ్బో, ఎంత భక్తో! కొంగ జపం అంటారు చూడు, అదే. 'పాపం, నాలాగే ఒక్కత్తే ఉంది' అని నరసాయమ్మ జాలిపడింది. అప్పుడది టక్కున ముక్కు ముంచి ఒక పరిగెను మింగేసింది. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చేపలు పలచబడ్డాయి. చేపలు పలచబడేసరికి దోమలు చిక్కబడ్డాయి.

అప్పుడు పక్కింటి వీర్రాజు కూతురు మంగతాయికి జ్వరం పట్టుకుంది. నీ ఈడు పిల్లే. మజ్జిగన్నం కూడా సయించక మూలుగుతూ పడుకునేది. వీర్రాజు ఒకనాడు గుంట దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అత్తా, నీ పనికి నేనెప్పుడూ అడ్డురాలేదు. కానీ నా పిల్ల అలా మూలుగుతుంటే చూస్తూ ఊరుకోలేను. దీపావళి లోగా ఈ దోమలు తగ్గలేదంటే బండితో మట్టి తోలించి గుంట పూడ్చేస్తాను" అన్నాడు.

గుంట పోతే మట్టి లేదు, మట్టి లేకపోతే సారె లేదు. ఇంకో సంగతైతే నరసాయమ్మ నాలుగు తిట్లు తిట్టేదే. కానీ పిల్లకి జ్వరం నిజం కదా. అందుకని ఉపాయం వెతకడం మొదలెట్టింది.

ముందు ఏం చేసిందంటే, చేపలు పట్టేవాళ్ళ దగ్గర పాత వల ఒకటి తెచ్చి గుంట మీద బిగించి కట్టింది. కొంగ వచ్చింది, చుట్టూ తిరిగింది, ముక్కు తిప్పుకుని పోయింది. "పోవే పో, నీ జపం ఇంకెక్కడైనా చేసుకో!" అని నరసాయమ్మ చప్పట్లు కొట్టింది.

తెల్లారి చూస్తే ఏముంది? వల్లో కప్పలు కాళ్ళు చిక్కుకుని గింజుకుంటున్నాయి. నీళ్ళు తాగడానికొచ్చిన గోరింక రెక్క ఇరుక్కుని అరుస్తోంది. ఒక నీటిపాము మెడ దాకా దూరి ఆగిపోయింది. దానికి విషం కూడా ఉండదే పాపం. "అయ్యో నా తల్లులారా, మీకు వేసిన వల కాదర్రా ఇది" అంటూ ఆవిడ కొడవలితో చిక్కుపడ్డ చోటల్లా పోగులు కోసి అన్నింటినీ వదిలింది.

వదిలింది సరే, ఆ కప్పలు భయపడి మళ్ళీ ఆ గుంట మొహం చూడలేదు. వల అడ్డంగా ఉంటే తూనీగలకీ నీళ్ళ మీద వాలే దారి లేకపోయె. నీళ్ళలో దోమ పిల్లల్ని చేపలు తింటాయి, బాగానే ఉంది. మరి ఎగిరే దోమల్ని ఎవరు తింటారు? కప్పలూ తూనీగలే కదూ! దాంతో దోమలు ఇంకా ఎక్కువయ్యాయి. నరసాయమ్మ వల విప్పి చుట్టబెట్టేసింది.

ఆ తర్వాత ఆవిడకి ఇంకో ఉపాయం తోచింది. సంతలో ఒక కుమ్మరి కుండలు పేర్చుకుని కూర్చున్న చోట ఇంకో కుమ్మరి కూర్చోడు. మర్యాద కాదు. కొంగలకీ ఆ మర్యాద ఉంటుందనుకుంది పిచ్చి తల్లి! సారె మీద బోలుగా పొట్ట చేసి, దానికి మెడ అతికి, మెడకి ముక్కు అతికి, మట్టి కొంగని చేసింది. ఆవంలో కాల్చి, సున్నం పూసి గుంటలో నిలబెట్టింది. ఎంత బాగా కుదిరిందంటే, వీధిలో వాళ్ళు వచ్చి "ఉష్!" అని తోలబోయారు. నరసాయమ్మ మురిసి ముక్కలైపోయింది.

పైన ఎగిరే కొంగలు కూడా చూశాయి. 'అదిగో, మనవాడొకడు అక్కణ్ణించి కదలట్లేదంటే చేపలు దండిగా ఉన్నట్టే' అనుకున్నాయి. ఒక్క కొంగ వచ్చే చోటికి కొంగల మంద దిగింది. ఒకటి ఏకంగా మట్టి కొంగ పక్కన చేరి, భుజానికి భుజం ఆనించి మరీ తిన్నది.

నవ్వకే, నవ్వకు! ఆవిడకి ఏడుపొచ్చింది.

గట్టున చతికిలబడి నిజంగానే ఏడ్చింది. పెద్దవాళ్ళు ఏడవరనుకున్నావా? దీపావళికి ఇంక నెలే ఉంది, చేపలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. పక్కింట్లోంచి పిల్ల మూలుగు వినబడుతోంది. "నా చేత్తో చేస్తే నా కొంపకే చేటు తెచ్చావు కదే!" అని మట్టి కొంగని లాగి నీళ్ళలోకి విసిరేసింది. మెడ పుటుక్కున విరిగింది. పొట్ట పక్కకి ఒరిగి అడుక్కి పోయింది.

మర్నాడు పొద్దున్న కొంగ మళ్ళీ వచ్చింది. పరిగెలు బెదిరి పరుగెత్తాయి. ఎక్కడికి పరుగెత్తాయో చెప్పుకో చూద్దాం? మట్టి కొంగ పొట్టలోకి! మెడ విరిగిన కంతలోంచి ఒకదాని వెనక ఒకటి దూరిపోయాయి. కొంగ వెంటబడి వచ్చి, టక్ టక్ మని పొట్ట మీద పొడిచింది. ముక్కు నొప్పెట్టింది గానీ చేప దొరకలేదు. కాసేపు జపం చేసి, విసుగొచ్చి ఎగిరిపోయింది.

నరసాయమ్మ నిన్నటి ఏడుపు మరిచిపోయి పకపకా నవ్వింది. "ఓసి మీ తెలివి తగలెయ్య, కొంగ కడుపులోనే కాపురం పెట్టారే!" అంది.

అప్పుడు ఆవిడ కొంగు బిగించింది. ఆవంలో పగిలిన కుండలు పెరట్లో గుట్ట పోసి ఉన్నాయి. వాటిని తెచ్చి గుంట అడుగున పక్కకి పడుకోబెట్టింది. మూడు వైపులా గట్టు నిటారుగా చెక్కింది, కొంగ కాలు మోపడానికి వీల్లేకుండా. నాలుగో వైపు మాత్రం పెంకులు పరిచి ఏటవాలుగా వదిలింది. అది కప్పలు ఎక్కి దిగడానికి, గోరింకలూ ఉడతలూ నీళ్ళు తాగడానికి. నీళ్ళలో కలువ దుంపలు నాటింది, తూనీగలు వాలాలి కదా.

కొంగకి దారి లేదా అంటావా? ఉంది. అదీ ఆ నాలుగో వైపే దిగాలి. దిగితే దిగింది, దానికి మాత్రం ఆకలుండదూ?

వానలు ఇంకా వెనకపట్టు పట్టలేదు. మిగిలిన ఆ కాసిని పరిగెలే కుండల్లో గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి. కలువ ఆకులు విచ్చుకున్నాయి. ఒకనాడు సందెవేళ ఎక్కణ్ణించో ఒక కప్ప వచ్చి పెంకుల మీద కూర్చుని "బెకబెక" అంది. నరసాయమ్మకి ప్రాణం లేచొచ్చింది.

దీపావళి ముందురోజు సాయంత్రం వీర్రాజు బండి నిండా మట్టి తోలుకొచ్చాడు. అన్నమాట ప్రకారమే వచ్చాడు మరి. బండి మీద మంగతాయి కూడా ఉంది. జ్వరం తగ్గింది గానీ మొహం ఇంకా పీక్కుపోయి ఉంది.

"ఒరే వీర్రాజూ, పూడ్చేవాడివి పూడుద్దువుగాని, ముందు కాసేపు కూర్చోరా" అంది నరసాయమ్మ.

ముగ్గురూ కూర్చున్నారు. తూనీగలు నీళ్ళ మీద గిరగిరా తిరుగుతున్నాయి. కప్పలు నాలుక చాచి దోమల్ని చటుక్కున అందుకుంటున్నాయి. కొంగ వచ్చి, ఎంతోసేపు కాచుకుని, ఒక్కటంటే ఒక్క చేపను పట్టుకుపోయింది.

"అదిగో, తినేసింది!" అంది మంగతాయి.

"తిననీ అమ్మా. బయట తిరిగేవి దానికి, కుండల్లో ఉన్నవి మనకి" అంది నరసాయమ్మ.

సందె చీకటి పడింది. వీర్రాజు చెంప మీద కొట్టుకోవడానికి చెయ్యెత్తి పెట్టుకుని ఎదురుచూశాడు. ఒక దోమ కుట్టింది. ఇంకోటి వస్తుందేమోనని చూశాడు, రాలేదు. కూతురి చేతులూ కాళ్ళూ తడిమి చూశాడు. ఒక్క దద్దురూ లేదు.

అప్పుడు అతను లేచి, ఎద్దుల్ని తోలుకెళ్ళి, తన ఇంటి వైపు గట్టు మీద బండెడు మట్టీ కుమ్మరించి చదును చేశాడు. నరసాయమ్మ గుప్పెడు మట్టి తీసి నలిపి చూసింది.

"ఇదేం మట్టిరా, కుండకి పనికిరాదు" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"కూర్చోడానికి పనికొస్తుంది కదత్తా" అని వీర్రాజు దాని మీద కూర్చుని, పిల్లని ఒళ్ళో పెట్టుకున్నాడు.

కథేమో కంచికి,
కొంగేమో గూటికి,
కప్పేమో గట్టుకి,
నువ్వేమో నిద్దరకి.