రాణే వెనక సన్యాసిరావు

కాకినాడలో గడియారాలు బాగుచేసే గవర్రాజుకు పేరున్నవాళ్లంటే పిచ్చి, పేరులేనివాళ్లంటే చిన్నచూపు ఉండేది. పెళ్లి భోజనాల్లో కూడా పెద్దమనుషుల బంతి వెతుక్కుని మరీ కూర్చునేవాడు.

అతని కుర్రతనంలో బబుల్‌గమ్ పొట్లాల్లో క్రికెట్ ఆటగాళ్ల కార్డులు వచ్చేవి. మొత్తం తొంభై. చివరి పది నంబర్లు కొట్లలోకి వచ్చీ రాగానే కంపెనీ మూతపడింది. అందుకే అవి మిగతావాటికన్నా తక్కువగా దొరికేవి. వాటిలో ఎనభై ఎనిమిదో నంబరు ప్రతాప్ రాణే. బ్యాటు ఎత్తాడంటే బంతి గోడ దాటాల్సిందే! తొంభయ్యో నంబరు ఓలేటి సన్యాసిరావు. జట్టులో ఉన్నాడన్న మాటే గాని ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆడేవాళ్లకు మంచినీళ్లు అందించాడు, అంతే.

గవర్రాజుకు అదృష్టం కొద్దీ రెండూ దొరికాయి. వెంటనే రాణేకు ఫ్రేము కట్టడానికి కూర్చున్నాడు. కార్డు పల్చగా ఉండి వంగిపోతోందని, దాని వెనక దన్నుగా సన్యాసిరావును అంటించబోయాడు. పక్కనే ఉన్న స్నేహితుడు మస్తాన్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, పాపంరా! నా దగ్గర లేడు. నాకివ్వు, దాచుకుంటాను."

"నీళ్లు మోసేవాణ్ణి దాచుకుంటావా? రాణే వెనక ఉండటమే వాడికి ఎక్కువ!"

అలా అని, బొమ్మ ఉన్న వైపే మైదా బంక దట్టంగా పూసి అదిమేశాడు. ఎంత పొగరో చూడండి! మనిషి మొహానికి బంక పూసేంత పొగరు!

ఏళ్లు గడిచాయి. గవర్రాజు జుట్టు నెరిసింది. ఫ్రేము వెనక ఏం పెట్టాడో మరిచిపోయాడు. ఒకసారి ఊళ్లో పాత కార్డుల ప్రదర్శన పెట్టారు. తొంభై కార్డులూ తెచ్చినవాళ్లకు హాలు మధ్యలో అద్దాల పెట్టె ఇస్తారట, దానిమీద వాళ్ల పేరు రాస్తారట! గవర్రాజు గుండె ఎగిరిపడింది. ఇన్నాళ్లూ పెద్దవాళ్ల పేర్లే జపించాడు. ఇప్పుడు తన పేరు! అటకమీది పాత పెట్టె దించి, గోడమీది రాణేతో కలిపి కార్డులన్నీ లెక్క చూశాడు. ఒక్కటి తక్కువ. సన్యాసిరావు!

ఊరూరా తిరిగాడు. "రాణే కావాలా? రెండున్నాయి, పట్టుకెళ్లండి" అన్నారు అందరూ. సన్యాసిరావు మాత్రం ఎవరి దగ్గరా లేడు. ఎలా ఉంటాడు? రాణేను అందరూ దాచుకున్నారు. సన్యాసిరావును సైకిలు చక్రం పుల్లల మధ్య దోపి, తటతటలాడించి, చింపి పారేశారు.

ప్రదర్శన రోజు పొద్దున్నే మస్తాన్ వచ్చాడు.

"సన్యాసిరావు కోసం ఊళ్లన్నీ జల్లెడ పడుతున్నావట? నీ గోడమీదే ఉన్నాడు కదరా, రాణే వెనక!"

గవర్రాజు లేచిన ఊపుకు టీ గ్లాసు దొర్లింది. "ఏమేవ్! ఇడ్లీ పాత్ర పొయ్యిమీద పెట్టు, తొందరగా!"

"పిండి రుబ్బలేదండీ!" అంది భార్య వంటింట్లోంచి.

"ఇడ్లీలకు కాదే, సన్యాసిరావుకు!"

గుప్పున ఆవిరి లేచింది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని కార్డులను ఆవిరి మీద పట్టారు. "లాగకు, నాననీ" అన్నాడు మస్తాన్. ఒక అంచు లేచింది. "వస్తున్నాడు! వస్తున్నాడు!" అంటూ గవర్రాజు గంతేశాడు. కార్డులు విడిపోయాయి. తొంభయ్యో నంబరు చేతికొచ్చింది!

తిప్పి చూశాడు. తెల్లటి అట్ట. సన్యాసిరావు మొహం ముక్కలు ముక్కలుగా ఊడి రాణే వీపుకే అతుక్కుపోయింది.

ఆశ చావక దాన్నే హాలుకు పట్టుకెళ్లాడు. నిర్వాహకురాలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో ఆటగాడేడండీ?"

"సన్యాసిరావేనమ్మా! వెనక నంబరు చూడండి!"

"నంబరుంటే సరిపోదండీ. మనిషి ఉండాలి."

అద్దాల పెట్టె ఖాళీగా ఉండిపోయింది. చుట్టూ గోడల నిండా రాణేలు నవ్వుతున్నారు.

"ఆ రోజు నీకిచ్చి ఉంటే..." అన్నాడు గవర్రాజు, తెల్లటి అట్టను జేబులో పెట్టుకుంటూ.

"ఈ రోజు నీకు తెచ్చి ఇచ్చేవాణ్ణిరా" అన్నాడు మస్తాన్.

పేరున్నవాణ్ణి నెత్తిన పెట్టుకోవడం అందరూ చేసే పనే. పేరులేనివాణ్ణి చులకన చేసేవాడు చివరికి తన పేరుకే చోటు లేకుండా చేసుకుంటాడు.