తెర సందులో చెయ్యి

కోటలో వడ్లు దంచే నూకాలుకి మొన్నమొన్నటి దాకా ఇద్దరు కూతుళ్లు. పెద్దది రోకలి ఎత్తలేక కూలబడుతుంటే, సున్నంలా తెల్లబడ్డ దాని గోళ్లు రాజవైద్యుడికి చూపించింది. ఆయన ఓరకంట చూసి, "రోగం కాదే, ఒళ్లు బద్ధకం. ఇంకో బుట్ట దంపించు" అన్నాడు. ఆ పిల్ల నెల తిరక్కుండానే పోయింది.

ఇప్పుడు చిన్నదాని గోళ్లూ అలాగే తెల్లబడ్డాయి.

రాణిగారికి జబ్బు చేస్తే వైద్యుడు ముఖం చూడకూడదు. తెర సందులోంచి చాచిన చెయ్యి చూసే మందు చెప్పాలి. నూకాలు వెళ్లి రాణి కాళ్ల మీద పడి ఏడ్చింది. రాణి తన గాజులు తీసి చిన్నదాని చేతికి తొడిగింది.

రాణిగారికి జబ్బని కబురు వెళ్లడంతో రాజు వైద్యుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. తెర సందులో ఆ చెయ్యి చూడగానే వైద్యుడు కంగారుగా రాజు వైపు తిరిగాడు.

"మహారాజా, గోళ్లలో నెత్తురు చుక్క లేదు! రాణిగారు పూచికపుల్ల తీసి పక్కన పెట్టకూడదు. పాలు, దానిమ్మపళ్లు, పూర్తి విశ్రాంతి!"

నూకాలు తెర లాగేసింది. వైద్యుడు మండిపడ్డాడు. "దంపుడు పిల్లను చూపించి మోసం చేస్తావా?"

"తమరు చూసింది గోళ్లనే గదా సామీ! రోగం గోళ్లలో ఉంటే ఆ మందు దీనికే ఇప్పించండి. గాజుల్లో ఉంటే చెప్పండి, ఇప్పుడే తీసేస్తాను."

రాజు తల దించుకుని, "చెప్పిన మందంతా ఆ పిల్లకే" అన్నాడు.

చిన్నదాని గోళ్లు మళ్లీ ఎర్రబడ్డాక నూకాలు గాజులు తిరిగివ్వబోయింది.

"ఉంచుకోవే" అంది రాణి.

"వద్దు తల్లీ. ఇవి కళ్లబడినప్పుడల్లా, ఇవి లేకనే పోయిన పెద్దదాని చెయ్యి గుర్తొస్తుంది."