గాటు పడని మోదుగాకు

అనగనగా ఒక అడవి, ఆ అడవి మధ్యలో ఒక వాగు. వానాకాలంలో ఆ వాగు పొగరు చూడాలి, ఒడ్డున ఎవర్నీ నిలబడనిచ్చేది కాదు. ఎండాకాలం వచ్చిందా, ఇక చుక్క నీరుండదు, ఒట్టి ఇసుకే. అప్పుడు జంతువులన్నీ కలిసి ఆ ఇసుకలో చెలమ తవ్వుకునేవి. చెలమంటే తెలుసుగా? ఇసుకలో లోతుగా గుంట తవ్వితే అడుగున నీళ్లు ఊరతాయి, అదే చెలమ. ఎండ ముదిరేకొద్దీ నీళ్లు కిందికి దిగిపోతాయి కాబట్టి రోజూ ఇంకాస్త తవ్వుతూనే ఉండాలి. పొద్దున అందరూ తవ్వాలి, సాయంత్రం అందరూ తాగాలి. అదీ అక్కడి పద్ధతి.

ఈ పనికి పెద్ద, కొమరమ్మ అనే ఎలుగుబంటి. "నువ్వయితేనే సరిగ్గా చూస్తావు కొమరక్కా" అని నలుగురూ కలిసి ఆమెకు అప్పగించారు. ఆమె కూడా ఒళ్లు దాచుకునే మనిషి కాదు. మనిషి అన్నానా? ఒళ్లు దాచుకునే ఎలుగు కాదు, సరేనా? అందరికంటే ముందు ఇసుకలోకి దిగేది, అందరి తర్వాత నీళ్లు తాగేది.

కొమరమ్మకు ప్రాణస్నేహితురాలు నాంచారి. నాంచారి ఒక అలుగు. అలుగుకి ఒళ్లంతా పెంకులుంటాయి, పొడుగాటి తోక ఉంటుంది, ముందుకాళ్లకు ఇంతింత గోళ్లుంటాయి. భయమేస్తే బంతిలా ముడుచుకుపోతుంది. చిన్నప్పటి నుంచీ వీళ్లిద్దరూ ఒకే పుట్ట దగ్గర చెదలు తినేవాళ్లు. గట్టి పుట్టని నాంచారి తన గోళ్లతో పగలగొట్టేది, కొమరమ్మ మూతి పెట్టి చెదల్ని లోపలికి పీల్చేది. "నీ ఉఫ్ ఉఫ్ చప్పుడుకి సగం చెదలు పారిపోతున్నాయక్కా" అని నాంచారి నవ్వేది. చెలమ దగ్గర కూడా అంతే. పైనున్న ఇసుక ఎవరైనా తోడతారు. అడుగున గట్టిపడిన మట్టిని తవ్వాలంటే మాత్రం నాంచారే దిగాలి.

ఒకరోజు గుర్నాథం అనే నక్క పొట్ట పట్టుకుని మూలుగుతూ వచ్చింది.

"అమ్మో, కడుపునొప్పి కొమరక్కా! నిలబడలేకపోతున్నాను."

"అయ్యో, వెళ్లి పడుకో నాయనా. సాయంత్రం నీ వాటా నీళ్లు ఉంచుతానులే" అంది కొమరమ్మ.

అందరూ ఎండలో చెమటలు కక్కుకుంటూ తవ్వారు. పని ముగించి వస్తుంటే దారిలో ఏం కనిపించింది? పొద చాటున గుర్నాథం కూర్చుని రేగుపళ్లు తింటూ, గింజలు ఎంత దూరం పడతాయో చూద్దామని ఉమ్ముతూ ఆడుకుంటోంది. కణితి ముందు నవ్వింది. కణితంటే కొమ్ములున్న పెద్ద దుప్పి. దాన్ని చూసి మిగతావాళ్లూ నవ్వారు. వాళ్లు నవ్వింది నక్క తెలివిని చూసి. కొమరమ్మకు మాత్రం తనను చూసే నవ్వినట్టు అనిపించింది. ఒళ్లు మండిపోయింది. "నన్ను వెర్రిదాన్ని చేశాడు. ఇక మీదట ఎవ్వరినీ చెయ్యనివ్వను" అనుకుంది.

మర్నాడు పొద్దున్నే అందరినీ పిలిచి ఒక నియమం పెట్టింది.

"ఇక మీదట ఒంట్లో బాగోలేదని నోటితో చెబితే కుదరదు. కొండమీద పానకాలు వైద్యుడి దగ్గరికి వెళ్లి చూపించుకోవాలి. జబ్బు నిజమే అయితే ఆయన మోదుగాకు మీద పంటితో గాటు పెట్టి ఇస్తాడు. ఆ గాటాకు తెచ్చి నాకు చూపించాలి. గాటాకు లేకుండా పని మానేస్తే ఆ సాయంత్రం నీళ్లు లేవు."

పానకాలు వైద్యుడు ఒక ముసలి కొండముచ్చు. ఆకులూ పసర్లూ బాగా తెలిసినవాడే. కాకపోతే ఉండేది కొండ కొమ్మున.

"కొండెక్కలేని జబ్బయితే ఎలా కొమరక్కా?" అని అడిగింది కణితి.

దానికి కొమరమ్మ దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారు? కసురుకుంటారు. ఆమె కూడా అదే చేసింది. "ముందు పని చూడు" అంది.

ఇక చూడండి వేడుక. మొదటి గాటాకు ఎవరు తెచ్చారనుకున్నారు? గుర్నాథమే! ఒంట్లో బాగున్న జంతువుకి కొండ ఎంతసేపు? తునికి పళ్లు నోట కరచుకుని చెంగుచెంగున ఎక్కింది, వైద్యుడి ముందు పెట్టి "కడుపులో తిప్పుతోందండీ" అంది, ఆకు మీద గాటు వేయించుకుని దిగింది. కొమరమ్మ ఆకుని అటూ ఇటూ తిప్పి చూసింది. గాటు ఉంది. ఏమంటుంది? పొమ్మంది. ఆ వేసవంతా గుర్నాథానికి ఎప్పుడు బద్ధకమేస్తే అప్పుడు గాటాకు వచ్చేది.

తర్వాత కణితికి దగ్గు పట్టుకుంది. గొంతులోంచి గరగరమని శబ్దం. అది కూడా కొండెక్కింది. వైద్యుడు దాన్ని కిందికీ పైకీ చూసి, "ఇంత కొండ ఎక్కి వచ్చావు, నీకేం జబ్బు? దుక్కలా ఉన్నావు" అని పంపేశాడు. పాపం అది ఖాళీగా దిగి వచ్చి, దగ్గుతూనే ఇసుక తోడింది. కొమరమ్మ చూసింది. చూసి కూడా, "వైద్యుడే బాగుందన్నాక నేనేం చెయ్యను" అనుకుని తల తిప్పుకుంది.

ఎండలు బాగా ముదిరాయి. చెలమ బాగా లోతుకి వెళ్లింది. అప్పుడు ఒక ఉదయం నాంచారి చాలా ఆలస్యంగా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తోక ఇసుకలో ఈడ్చుకుంటూ, రెండడుగులు వేసి ఆగుతూ వచ్చింది.

"అక్కా, ఒళ్లు కాలిపోతోందే. ఇవాళ నా వల్ల కాదు. ఒక్కరోజు పడుకుంటాను" అంది.

కొమరమ్మ దగ్గరికి వెళ్లి దాని నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి చురుక్కుమంది. "వెళ్లి పడుకోవే తల్లీ" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో వెనకనుంచి గుర్నాథం గొంతు వినిపించింది.

"బాగుంది కొమరక్కా! మాకేమో గాటాకు, నీ స్నేహితురాలికేమో వట్టి మాట చాలా? రూలంటే అందరికీ ఒకటే కదా?"

అందరూ పని ఆపి చూస్తున్నారు. నవ్వుతారేమో అనిపించింది కొమరమ్మకు. మళ్లీ ఆ నవ్వు వినడం ఆమె వల్ల కాదు. నాంచారి నుదుటి మీద నుంచి చెయ్యి తీసేసింది.

"నియమం నియమమే నాంచారీ. నీకు మినహాయిస్తే రేపు అందరూ అడుగుతారు. మెల్లగా వెళ్లి గాటాకు తెచ్చుకో. సాయంత్రం నీళ్లు నేను తీసి ఉంచుతాను."

నాంచారి ఆమె మొహంలోకి చూసింది. "ఇప్పుడు ఒక గుక్కెడు ఇవ్వక్కా. నోరు పిడచగట్టుకుపోతోంది" అంది.

"తాగేది సాయంత్రమే కదా, నీకు తెలీదా" అంది కొమరమ్మ, ఎటో చూస్తూ.

నాంచారి ఒడ్డున ఉన్న మోదుగ మొక్క నుంచి ఒక ఆకు తెంపుకుని, నోట కరచుకుని, కొండ వైపు నడిచింది.

ఆ రోజు అడుగు మట్టి ఎవరికీ లొంగలేదు. ఊరిన కాసిని నీళ్లే అందరూ పంచుకున్నారు. గాటాకు ఉన్న గుర్నాథం తన వాటా తాగి మూతి తుడుచుకుని వెళ్లింది. నాంచారి వాటా అలాగే ఉంది. కొమరమ్మ కొండ వైపు చూస్తూ కూర్చుంది. పొద్దు వాలుతోంది. ఎవరూ దిగి రావడంలేదు. ఇక ఉండలేక లేచి తనే కొండెక్కింది. ఎక్కుతుంటే తెలిసింది, బాగున్నవాళ్లకే ఆ కొండ ఎంత ఆయాసమో.

పానకాలు వైద్యుడు కొమ్మ మీద తీరుబడిగా కూర్చుని ఉన్నాడు.

"నాంచారి వచ్చిందా?"

"వచ్చింది. మధ్యాహ్నం దాటాక వచ్చింది. నేను చూసేది పొద్దుటి పూటే కదా? రేపు రమ్మన్నాను. అయినా కొండెక్కి వచ్చినవాళ్లకి జబ్బేమిటి కొమరమ్మా!"

"ఒళ్లు కాలిపోతోందయ్యా దానికి! ఒక గాటు పెడితే నీ పన్ను అరిగిపోతుందా?"

"ఒళ్లు కాలుతోందని నీకు తెలుసా?" అన్నాడు వైద్యుడు ఆశ్చర్యంగా. "తెలిసీ నా దగ్గరికి ఎందుకు పంపావు మరి?"

కొమరమ్మ గిరుక్కున తిరిగి కొండ దిగడం మొదలుపెట్టింది. సగం దూరంలో, రెండు బండల మధ్య, దుమ్ములో ఒక బంతి కనిపించింది. నాంచారే, ముడుచుకుపోయి ఉంది. "నాంచారీ, నేనే, నీ అక్కని" అని ఎన్నోసార్లు పిలిస్తే మెల్లగా విచ్చుకుంది. కళ్లు తిరిగి బండమీద నుంచి జారిందట. పడిపోకుండా రాతిని పట్టుకోబోతే ముందుకాళ్ల గోళ్లు మొదలంటా విరిగిపోయాయి. పొట్టకి అదుముకున్న మోదుగాకు వడిలిపోయి ఉంది. దాని మీద గాటు లేదు.

"తేలేకపోయానక్కా" అంది నాంచారి.

కొమరమ్మ వంగి, దాన్ని తన పిల్లని ఎక్కించుకున్నట్టు వీపు మీద ఎక్కించుకుని కిందికి తెచ్చింది. నీళ్లు తాగించింది. పసరు కట్టింది. జ్వరం తగ్గేదాకా పక్కనుంచి కదల్లేదు. జ్వరం తగ్గింది. గోళ్లు మాత్రం మళ్లీ మునుపటిలా రాలేదు. వచ్చినవి వంకరగా, మెత్తగా వచ్చాయి. వాటితో పుట్ట పగలదు, చెలమ తవ్వడం సంగతి సరే సరి.

మరి నియమం తీసేసిందా? లేదర్రా. అదే నాకూ బాధ. తీసేస్తే తప్పు తనదని ఒప్పుకున్నట్టవుతుందని తీయలేదు. బండ జారుడుగా ఉందంది. వైద్యుడికి జాలి లేదంది. నక్క నోరు మంచిది కాదంది. అన్నీ నిజాలే. రోజూ పుట్ట దగ్గరికి వెళ్లి, తనే ఎలాగో పగలగొట్టి, నాంచారి కోసం సగం పక్కన పెట్టేది. నాంచారి వచ్చి తినేది, "చాలక్కా" అని వెళ్లిపోయేది. ఉఫ్ ఉఫ్ చప్పుడుకి మాత్రం ఇప్పుడు నవ్వేది కాదు.

నాంచారి లేకపోయేసరికి చెలమ ఇంకా లోతుకి దిగలేదు. అందరికీ సగం దాహమే తీరేది.

ఇలా ఉండగా ఒకనాడు కొమరమ్మ మంచాన పడింది. ఎలుగుకి మంచమెక్కడిదంటారా? గుహలో ఆకుల పరుపు మీద పడిందనుకోండి. జ్వరం, ఒళ్లు నొప్పులు, తల ఎత్తలేకపోయింది. దాహం వేసింది. బయట ఎండ భగభగ మండుతోంది. "పనికి వెళ్లలేను. గాటాకు కావాలి. గాటాకు కావాలంటే కొండెక్కాలి" అనుకుంది. తను పెట్టిన నియమం తనకే ఆ కొండంత పొడుగ్గా కనిపించింది. దారిన పోతున్న కణితిని పిలిచి, "నాకు ఒంట్లో బాగోలేదని వాళ్లకి చెప్పవే" అని మాత్రం అనగలిగింది.

మధ్యాహ్నానికి గుహ ముందు ఏదో నెమ్మదిగా ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడైంది. నాంచారి వచ్చింది. మోదుగాకుతో చేసిన దొప్ప రెండు చేతుల మధ్య పెట్టుకుని, వెనక కాళ్ల మీద తూలుతూ నడిచి వచ్చింది. దొప్పలో నీళ్లు దారిలో సగం ఒలికిపోయాయి. మిగిలిన సగం కొమరమ్మ నోటి దగ్గర పెట్టింది.

"తాగక్కా. నా వాటా సాయంత్రం దాకా ఆగకుండా అడిగి తీసుకున్నాను. ఇచ్చారు."

కొమరమ్మ తాగలేదు. "నా దగ్గర గాటాకు లేదే నాంచారీ" అంది.

"నువ్వు చెప్పావుగా బాగోలేదని. చాలదా?" నాంచారి వంకర గోళ్ల చేతిని కొమరమ్మ నుదుటి మీద పెట్టింది. "అబ్బ, చెయ్యి చురుక్కుమంటోంది." చెయ్యి తీయకుండానే మెల్లగా అడిగింది. "ఆ రోజు నీ చేతికి కూడా తెలిసే ఉంటుంది కదక్కా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కొమరమ్మ తట్టుకోగలిగేది.

"తెలిసిందే" అంది. "నా చేతికి తెలిసింది. నాకు తెలిసింది. నవ్వుతారని భయపడ్డాను. తప్పు నాదే."

ఆ మాట అనడానికి ఆమెకు ఆ వేసవంతా పట్టింది. అన్నాక ఇద్దరూ ఏడ్చారు. తర్వాత కొమరమ్మ ఆ నీళ్లు తాగింది.

జ్వరం తగ్గి చెలమ దగ్గరికి వెళ్లిన రోజునే అందరి ముందూ చెప్పింది. "ఇక గాటాకులు వద్దు. ఒంట్లో బాగోలేదని చెబితే నమ్ముతాను."

"అమ్మో, కడుపునొప్పి కొమరక్కా!" అంది గుర్నాథం వెంటనే.

"వెళ్లి పడుకో నాయనా. సాయంత్రం నీ వాటా ఉంచుతాను" అంది కొమరమ్మ. అందరూ పకపకా నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుని, ఆమె చెలమలోకి దిగింది. అడుగు మట్టి మీద గోళ్లు దించింది. ఒక్క మట్టిపెళ్ల కూడా రాలేదు. పైన ఒడ్డున నాంచారి తన చేతుల వంక చూసుకుంటూ కూర్చుని ఉంది. కొమరమ్మ తలెత్తి ఆమెను చూడలేక, వానలు పడేదాకా ఆ మట్టినే గీకుతూ ఉండిపోయింది.

నీతి: ఒకడు అబద్ధమాడాడని అందరి మాటనూ అనుమానించకూడదు. కళ్లెదుట కనిపిస్తున్న బాధకి కూడా రుజువు అడిగితే, ఆ తర్వాత ఎంత వగచినా పోయింది తిరిగి రాదు.